ముల్లు కదలని నాలుగో స్పాన్

తెల్లవారుజామున ఐదున్నరకి పియర్ క్యాప్ మీద, అంటే వంతెన స్తంభం తల మీది దిమ్మె మీద, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని డయల్ గేజ్‌ని సున్నాకి తిప్పాను. పక్క పియర్ మీద నా క్లాస్‌మేట్ కూడా అదే పని చేసి, టార్చ్ రెండుసార్లు వెలిగించి ఆర్పింది. రెండు గేజ్‌లూ రెడీ అని గుర్తు. నది ఎండిపోయి కింద ఇసుక బయటపడిన నెలలు కాబట్టి పరంజా వేసుకుని పైదాకా ఎక్కగలిగాం. నడుముకి బెల్టు, తలకి హెల్మెట్, ఒళ్లో నోట్‌బుక్.

మా ఎం.టెక్ ప్రాజెక్టులో ప్రశ్న వినడానికి చాలా చిన్నది. ఒక వంతెన ఒక్క రోజులో ఎంత కదులుతుంది?

వంతెన కదలడం ఏంటే అని మా అమ్మ కంగారుపడింది. కదులుతుంది, కదలాలి కూడా. ఎండకి కాంక్రీటు సాగుతుంది, రాత్రికి చల్లబడి మళ్లీ దగ్గరపడుతుంది. అందుకే పాత వంతెనల్లో గర్డర్‌కి, అంటే రోడ్డుని మోసే దూలానికి, ఒక చివర రాకర్ బేరింగ్ పెట్టి జరగకుండా పట్టి ఉంచుతారు. రెండో చివరని ఉక్కు రోలర్ల మీద కూర్చోబెడతారు. సాగినా కుంచించుకున్నా ఆ చివర రోలర్ల మీద జరుగుతుంది. రెండు స్తంభాల మధ్య భాగాన్ని స్పాన్ అంటారు. పైన రోడ్డులో స్పాన్‌కీ స్పాన్‌కీ మధ్య వదిలే ఖాళీ, మనం బండి మీద వెళ్తుంటే టక్‌మని తగిలే ఎక్స్‌పాన్షన్ జాయింట్, ఉన్నది ఈ కదలిక కోసమే.

మేం తీసుకున్న మూడో, నాలుగో స్పాన్‌లు ఒక్కొక్కటి 30 మీటర్లు. కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి దాదాపు 11 మైక్రాన్లు సాగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గర్డర్ సగటు ఉష్ణోగ్రత పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఎనిమిది డిగ్రీలు పెరుగుతోందని థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు) అతికించి ముందే చూసుకున్నాం. 30ని 11తో, వచ్చినదాన్ని 8తో గుణిస్తే 2,640 మైక్రాన్లు. రెండున్నర మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ. ఈ రెండున్నర మిల్లీమీటర్లని కళ్లతో చూడాలనే మా ఆరాటం అంతా.

డయల్ గేజ్ జేబు గడియారం అంత ఉంటుంది. దాని కింద సన్నటి కాడ. కాడ కొస దేనికి ఆనితే అది ఎంత జరిగిందో ముల్లు చూపిస్తుంది, మిల్లీమీటరులో నూరో వంతు దాకా. కాంక్రీటు మీద నేరుగా ఆనిస్తే కొస ఏదో ఒక గరుకు గుంతలో చిక్కుకుంటుంది. అందుకని ముందురోజు సాయంత్రమే గర్డర్ చివర చిన్న గాజు ముక్క ఎపాక్సీతో అతికించి పెట్టాం. గేజ్ స్టాండుకి అయస్కాంతం ఉంటుంది. దాన్ని బేరింగ్ అడుగున ఉన్న ఉక్కు ప్లేటు మీద నిలబెట్టాం. నాలుగో స్పాన్ దగ్గర ఆ ప్లేటు మీద మట్టి పేరుకుని ఉంటే చేత్తో పక్కకి తోశాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అరగంటకోసారి రీడింగ్. ఆరింటికి ఏమీ లేదు. ఏడింటికి మూడో స్పాన్ ముల్లు రెండు గీతలు జరిగింది. లారీ వెళ్లినప్పుడల్లా ముల్లు గభాల్న ముందుకి దూకి మళ్లీ వెనక్కి వచ్చేది. బరువుకి గర్డర్ కిందికి వంగితే దాని అడుగు భాగం సాగుతుంది కదా, ఆ సాగుడు రోలర్ దాకా వస్తుంది. పుస్తకంలో బెండింగ్ చాప్టర్ ఎన్నిసార్లు చదివి ఉంటానో లెక్కలేదు. అది నా కళ్లముందు ముల్లుగా దూకుతుంటే ఒళ్లు జలదరించింది. రోడ్డు ఖాళీగా ఉన్న క్షణం చూసి రీడింగ్ రాసుకోవడం మొదట్లో కష్టమైంది, తర్వాత చప్పుడుని బట్టి అలవాటైంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇదే గరిష్ఠం అనుకున్నాం. కాదు. మూడో స్పాన్ సాగుతూనే ఉంది. మూడింటికి, నాలుగింటికి కూడా. ఐదు దాటాక కానీ ఆగలేదు. అప్పటికి రీడింగ్ 2.41 మిల్లీమీటర్లు. కాంక్రీటు వేడిని నెమ్మదిగా లోపలికి తీసుకుంటుంది. మన ఒంటికి చల్లబడినట్టు అనిపించే వేళకి గర్డర్ లోపల ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. లెక్కకీ కొలతకీ తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. పరంజా మీదే ఇద్దరం గట్టిగా అరిచాం.

నాలుగో స్పాన్ రీడింగ్ మాత్రం 0.28.

అదే పొడవు, అదే డ్రాయింగ్, అదే ఎండ. థర్మోకపుల్స్ రెండిట్లోనూ దాదాపు ఒకే ఉష్ణోగ్రత చూపిస్తున్నాయి. ఆ రాత్రి హాస్టల్లో మేం పట్టుకున్న మొదటి కారణం: గేజ్ పాడైంది. రెండోది: గాజు ముక్క ఊడి ఉంటుంది. మూడోది: స్టాండ్ జారి ఉంటుంది. రిపోర్టులో నాలుగో స్పాన్ వదిలేసి మూడోది ఒక్కటే పెడదామని కూడా అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే.

పొద్దున్నే వెళ్లి గైడ్ సార్‌కి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "గేజ్‌లు ఒకదాని చోట ఒకటి మార్చి మళ్లీ ఒక రోజు కూర్చోండమ్మా" అన్నారు, అంతే. తర్వాత క్యూబెక్ వంతెన మీద రాయల్ కమిషన్ ఇచ్చిన నివేదిక చదవమన్నారు.

చదివాను. 1907లో కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద ఆ వంతెన కడుతున్నారు. సైట్‌లో నార్మన్ మెక్‌లూర్ అనే కుర్ర ఇంజినీరు కింది కార్డ్ సభ్యాల, అంటే వంతెన ఉక్కు చట్రం కింది అంచు దూలాల, వంపు కొలుస్తున్నాడు. తిన్నగా ఉండాల్సిన ఒక సభ్యంలో వంపు కొద్ది రోజుల్లోనే ముప్పావు అంగుళం నుంచి రెండంగుళాల పైకి పెరిగింది. కొందరు అది ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందన్నారు. మెక్‌లూర్ ఒప్పుకోలేదు. రైలెక్కి న్యూయార్క్ వెళ్లి కన్సల్టింగ్ ఇంజినీరు థియోడర్ కూపర్‌కి స్వయంగా చెప్పాడు. ఇంకేమీ బరువు పెట్టొద్దని కూపర్ టెలిగ్రాం ఇచ్చాడు. కానీ ఇచ్చింది ఉక్కు తయారుచేసే కంపెనీకి, సైట్‌కి కాదు. ఆ సాయంత్రమే, ఆగస్టు 29న, వంతెన కూలి 75 మంది చనిపోయారు. ఆ కొలత సరైనదే. "ముందు నుంచే అలా ఉంది" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. "గేజ్ పాడైంది" అని ముందురోజు రాత్రి నేనన్న మాటకీ దానికీ నాకు తేడా కనపడలేదు.

గేజ్‌లు మార్చాం. మళ్లీ తెల్లవారుజామునే కూర్చున్నాం. ఈసారి సాయం కోసం వచ్చిన బీ.టెక్ జూనియర్ని నాలుగో స్పాన్ దగ్గర కూర్చోబెట్టాం. తొమ్మిదింటికి వాడు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ లారీ పోతున్నా ముల్లు దూకట్లేదు" అన్నాడు.

మొదటి రోజు మేం రీడింగుల మధ్య దూకుడ్లని పట్టించుకోలేదు, అడ్డంకిగా భావించాం. వాడు వాటినే చూశాడు. మూడో స్పాన్ దగ్గర లారీ వస్తే దూకుతోంది, నాలుగో స్పాన్ దగ్గర ఎంత పెద్ద లారీ వచ్చినా కదలట్లేదు. గేజ్‌లు మార్చినా అంతే. అంటే తప్పు గేజ్‌ది కాదు. గర్డర్ అడుగు ఎండకీ కదలట్లేదు, బరువుకీ కదలట్లేదు. ఏదో దాన్ని పట్టేసింది.

ఏం పట్టేసిందో చెప్పింది మా ల్యాబ్‌లో పాతికేళ్లకి పైగా పనిచేస్తున్న ఒక పెద్దాయన. మేం ఫోటోలు తిరగేస్తుంటే పక్కన నిలబడి చూసి, "ఏమ్మా, పైన రోడ్డుంది, మధ్యలో స్లాబుంది. మరి ఈ మట్టి ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు.

నేను చేత్తో పక్కకి తోసిన మట్టి అది.

మర్నాడు వంతెన పైకెక్కి చూస్తే జాయింట్ కనపడలేదు. రోడ్డు మీద కొత్త తారు పొర వేసినప్పుడు జాయింట్ మీదుగా కూడా వేసేశారు. తారు ఆ వరసన పగిలింది. పగులులోంచి కంకర, మట్టి, వాన నీళ్లు కిందికి దిగాయి. జాయింట్ ఖాళీ సగం దాకా రాళ్లతో బిగుసుకుపోయింది. మిగతా మట్టి నేరుగా రోలర్ల మీద పడింది. కింద స్క్రూడ్రైవర్‌తో గీరితే రోలర్ల మధ్య మట్టి ఇటుకలా గట్టిపడి ఉంది. తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. అదే చేత్తో వెళ్లి మూడో స్పాన్ రోలర్ చూశాను. దానికీ తుప్పు ఉంది. కానీ ప్లేటుకి ఆనే చోట సన్నటి గీత ఒకటి వెండిలా మెరుస్తోంది. ఏళ్ల తరబడి రోజూ కొంచెం అటు, కొంచెం ఇటు దొర్లితే పడిన మెరుపు. నాలుగో స్పాన్ రోలర్ మీద ఆ గీత లేదు.

సాఫ్ట్‌వేర్‌లో రోలర్ సపోర్ట్ అంటే గర్డర్ చివర ఒక చిన్న బొమ్మ. మౌస్‌తో ఒక క్లిక్. ఆ దిశలో బలం సున్నా అని కంప్యూటర్ నమ్మేస్తుంది. ఆ బొమ్మని తీసి రెండు చివరలూ పూర్తిగా బిగించి మోడల్ మళ్లీ నడిపాం. గర్డర్, దాని మీది స్లాబు భాగం కలిపి అడ్డుకోత 1.2 చదరపు మీటర్లు. సాగనివ్వకపోతే అదే ఎనిమిది డిగ్రీలకి పుట్టే బలం దాదాపు 320 టన్నులు, ఒక్కో గర్డర్‌కి. నిజానికి పియర్ కొంత వంగి ఆ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి అంత మొత్తం రాదు. కానీ వంగే పియర్‌కి ఆ పని డిజైన్‌లో ఎవరూ అప్పజెప్పలేదు. మళ్లీ పరంజా ఎక్కి వెతికితే పియర్ క్యాప్ మీద బేరింగ్ మూల నుంచి ఏటవాలుగా దిగిన సన్నటి పగులు కనపడింది. క్రాక్ కార్డు ఆనించి చూస్తే వెడల్పు 0.3 మిల్లీమీటర్లు.

ఇలాంటిదే ఇంతకుముందు జరిగిందా అని వెతికితే 1983 జూన్ 28 దొరికింది. అమెరికాలోని కనెక్టికట్‌లో మయానస్ నది మీది హైవే వంతెనలో దాదాపు 30 మీటర్ల ముక్క అర్ధరాత్రి దాటాక ఊడి కింద పడింది. ముగ్గురు పోయారు. ఆ ముక్కని పిన్నులు, వాటికి తగిలించి వేలాడదీసే హ్యాంగర్ ప్లేట్లు పట్టుకుని ఉండేవి. అంతకు పదేళ్ల ముందు రోడ్డు మళ్లీ వేసినప్పుడు నీళ్లు పోయే డ్రెయిన్ల మీద కూడా వేసేశారు. నీళ్లు దారి లేక జాయింట్లలోంచి పిన్నుల మీదికి కారాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ తుప్పు లోపలే ఉబ్బి ఉబ్బి హ్యాంగర్‌ని పిన్ను కొస దాకా నెట్టేసింది. మా వంతెన అంత ప్రమాదంలో లేదు, దాని కట్టుబడి వేరు. అయినా "రోడ్డు మళ్లీ వేసినప్పుడు" అన్న ముక్క చదివినప్పుడు నాకు గొంతు తడారిపోయింది. రోడ్డు వేసేవాళ్లు రోడ్డు బాగా వేద్దామనే వేస్తారు. కింద ఏముందో వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి.

సార్ మా రీడింగులు, ఫోటోలు, పగులు కొలత జతచేసి వంతెన నిర్వహణ చూసే వాళ్లకి ఉత్తరం రాశారు. నాకు తెలిసి మా థీసిస్‌లో అన్నిటికంటే పనికొచ్చిన రెండు పేజీలు అవే. కొన్ని వారాలు ఏ కబురూ లేదు. తర్వాత ఒక రోజు సార్ పిలిచి, జాయింట్ తవ్వి రాళ్లు తీశారట, రోలర్లు శుభ్రం చేసి గ్రీజు పెట్టారట, పగులులో ఎపాక్సీ ఇంజెక్ట్ చేశారట, వెళ్లి చూడండి అన్నారు.

మళ్లీ అదే పరంజా, అదే టార్చ్. గాజు ముక్క మాత్రం కొత్తది అతికించాల్సి వచ్చింది. ఈసారి నాలుగో స్పాన్ దగ్గర నేను కూర్చున్నాను. జూనియర్ నా పక్కనే నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, ఎండకి సాగే వేళ కాలేదు. గేజ్ సున్నాకి తిప్పి చేయి తీసేశాను.

దూరంగా లారీ చప్పుడు వినపడింది. ఇద్దరం మాట్లాడుకోలేదు. చప్పుడు దగ్గరపడి తల మీదికొచ్చింది, పియర్ క్యాప్ సన్నగా అదిరింది.

"అక్కా, దూకింది!" అన్నాడు.