తొంభై రోజుల సంతకం

బెంగళూరుకొచ్చి పదకొండేళ్లయినా మా నాన్న లెక్కలో నేనింకా బ్రోకర్నే. కదిరిలో ఎవరైనా అడిగితే "ఏందో బిల్డింగులు చూపిస్తాడంట" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. కంపెనీలకు ఆఫీసులు అద్దెకు కుదర్చడమే నా పని. మారతహళ్లి నుంచి బెళ్లందూరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్దాల బిల్డింగు ఏది కనబడినా చదరపు అడుగుకెంత అనే ఆలోచనే ముందొస్తుంది.

మా లెక్కలు బయటివాళ్లకు వింతగా ఉంటాయి. పదివేల అడుగులకు అద్దె కడితే లోపల కుర్చీలేసుకోవడానికి దొరికేది ఏడువేలు, మహా అయితే ఏడున్నర. మిగతాదంతా లిఫ్టులు, మెట్లు, లాబీ. దానికి సూపర్ బిల్టప్ అని పేరు. మామూలుగా లీజు తొమ్మిదేళ్లు, మొదటి మూడేళ్లు లాకిన్, అంటే మధ్యలో ఖాళీ చేయడానికి లేదు, మూడేళ్లకోసారి 15 శాతం పెంపు. ఆ పెంపులో ఒక్క శాతం దగ్గర ఇరువైపుల లాయర్లు మూడు వారాలు కొట్టుకోవడం చూశాను.

ఆదివారాలు నేను వెంటపడేది ఇంకో ఒక్క శాతం. బిల్డింగు కట్టడానికయ్యే ఖర్చులో ఒక శాతం సెస్సుగా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు కట్టాలి. 1996లో వచ్చిన చట్టంతో మొదలైన పద్ధతి. వంద కోట్ల బిల్డింగుకు కోటి. ప్రమాదం జరిగినా, కాన్పయినా, పిల్లల చదువుకైనా కార్మికులకు ఆ డబ్బులోంచి సాయం అందాలి. కాకపోతే బోర్డిచ్చే కార్డుండాలి. వయసు 18 నుంచి 60 లోపు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాగితం. ఏ రాష్ట్రం నుంచి వచ్చారన్న పట్టింపు లేదు. ఇన్ని బిల్డింగులు చూపించిన నాకు ఈ సంగతి 2020 దాకా తెలీదు, సిగ్గుపడాల్సిన మాటే. లాక్‌డౌన్‌లో సైటు షెడ్లలో బియ్యం పంచడానికి వెళ్లాం. కార్డున్నవాళ్ల ఖాతాల్లో బోర్డు డబ్బు వేస్తోందని విని, ఎవరెవరికి ఉందని అడిగితే రెండు చేతులు లేచాయి. షెడ్డంటే పది అడుగులకు పది అడుగుల రేకుల గది. అందులో అయిదుగురు. మా ఆఫీసుల్లో ఒక్క మనిషికి డెబ్బై ఎనభై చదరపు అడుగులు చూస్తాం.

అప్పట్నుంచి వాళ్ల కార్డుల కోసం ఫారాలు నింపుతున్నాను. చెప్పుకోవడానికి అంతే, తీరా దిగితే ఒక్కో ఫారం ఒక్కో టెన్షన్. మొన్న మక్తల్ వైపు నుంచి వచ్చిన ఒకామెకు ఓటీపీ రాదు. ఆధార్‌లో ఉన్నది మొగుడి పాత సిమ్ము, అదెప్పుడో పోయింది. నంబరు మార్చుకోవడానికి సెంటర్‌కు వెళ్తే వేలిముద్ర వేయమన్నారు. పది వేళ్లూ పెట్టి చూశారు, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టారు. మిషన్ ఒక్కటీ తీసుకోలేదు. "పదేండ్ల సంది సిమెంటు కలుపుతున్న సారూ, వేళ్లల్ల ఏముంటది" అని ఆమె నవ్వింది. చివరికి కంటిపాప స్కాన్‌తో పనయింది. మాకు ఒక పూటంతా పోయింది, ఆమెకు ఆ రోజు కూలీ పోయింది.

అసలు చిక్కు 90 రోజుల కాగితం దగ్గర. దాన్ని కాంట్రాక్టరైనా ఇవ్వొచ్చు, కార్మిక సంఘమైనా, లేబర్ ఇన్‌స్పెక్టరైనా ఇవ్వొచ్చు. కాంట్రాక్టర్ సంతకం పెట్టడు. పెడితే వీళ్లు తన మనుషులేనని ఒప్పుకున్నట్టు, రేపు పీఎఫ్ అడిగితే ఏం చెప్పాలని భయం. మేస్త్రీని అడిగితే కాంట్రాక్టర్ని అడగమంటాడు. బోగస్ కార్డులు పెరిగాయని ఈమధ్య తనిఖీలు గట్టి చేశారు, అదీ న్యాయమే. ఏనాడూ ఇటుక ముట్టనివాళ్లు కార్డులు తీసుకున్నారు మరి. కానీ ఆ తనిఖీల్లో ముందు ఆగిపోయేది కాగితం లేని ఇలాంటివాళ్లే.

ఒకసారి నేను అడ్డదారి తొక్కాను. ఆ మక్తల్ ఆమె పనిచేసే సైటు ఓనరు బిల్డింగును లీజుకిచ్చే పని మాకే అప్పజెప్పాడు. మంచి కంపెనీని తెస్తున్నానని ఫోన్ చేసి, మాటల్లో మాటగా ఈ సంతకాల సంగతి ఎత్తాను. రెండ్రోజుల్లో పదకొండు కాగితాలొచ్చాయి. మా బాస్‌కు తెలిసి, క్లయింట్ పనిలో నీ సొంత వ్యవహారాలేంటని గట్టిగానే అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. నాన్న అన్నమాట నిజమే, అదీ బ్రోకరేజీనే.

కాగితాలు తీసుకునేటప్పుడు మక్తల్ అక్క అడిగింది, "ఎనిమిదో అంతస్తు లిఫ్టుకాడ గ్రానైటు మేమే ఏసినం, జూసినవా సారూ?" చూడలేదన్నాను. నాకు తెలిసింది ఫ్లోరుకు ఎన్ని అడుగులన్నదే.

సోమవారం అదే ఫ్లోరుకు క్లయింటును తీసుకెళ్లాను. లిఫ్టు దిగగానే ఆయన బూటు మడమతో రెండు మూడు చోట్ల తట్టాడు. ఎక్కడా డొల్ల మోగలేదు. నేను కిందికే చూస్తున్నాను, అతుకులు గీత గీసినట్టున్నాయి.

"కార్ పార్కింగులు ఎన్నిస్తారు?" అన్నాడాయన.