బెంగళూరులో మన రేషన్ కార్డు: ఎక్కడ ఆగుతోంది, ఎందుకు ఆగుతోంది

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు బిల్డింగ్ పనులకొచ్చిన అనంతపురం, కర్నూలు వాళ్లను అడిగి చూడండి. ఊళ్లో కార్డు ఉందంటారు, ఇక్కడ మాత్రం బియ్యం కిరాణా కొట్లో కొంటుంటారు. సొంత రాష్ట్రం కార్డు మీద పక్క రాష్ట్రంలోనూ రేషన్ తీసుకోనిచ్చే ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ పథకం ఉండగా ఈ గతేమిటి?

నిజానికి ఆంధ్ర, కర్ణాటక రెండూ 2020 జనవరి 1 నాటికే ఆ పథకంలో ఉన్నాయి. అంటే మార్చిలో లాక్‌డౌన్ పడి జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు నడిచేనాటికే కాగితం మీద మన కార్డు ఇక్కడ చెల్లుతోంది. ఆ ముక్క చెప్పిన నాథుడే లేడు. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ జులై 31 గడువు పెట్టింది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. సాఫ్ట్‌వేర్ పని అయినట్టే. మిగిలిన తిప్పలన్నీ దాని బయటే.

మొట్టమొదట కార్డు రకం చూసుకోవాలి. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులే పక్క రాష్ట్రంలో పనిచేస్తాయి. ఆంధ్రలో ప్రభుత్వం సొంత ఖర్చుతో బియ్యం ఇచ్చే కార్డులు కూడా లక్షల్లో ఉన్నాయి. వాటికి ఇక్కడ గింజ రాదు. తమది ఏ రకమో చాలామందికి తెలియదు. మేరా రేషన్ యాప్‌లో నంబరు కొట్టి చూడొచ్చు, లేదా ఊరి సచివాలయంలో అడగొచ్చు. ఇంట్లో ఎవరెవరి ఆధార్ రేషన్ కార్డుకు ఎక్కిందో, ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడడం) ఎవరిది మిగిలిందో కూడా అప్పుడే కనుక్కోండి.

షాపుకు కార్డు మోసుకెళ్లక్కర్లేదు, నంబరు చాలు. డీలరు దాన్ని ఈపాస్ మిషన్‌లో కొడితే ఇంట్లోవాళ్ల పేర్లు, ఈ నెల ఇంకా ఎన్ని కిలోలు రావాలో తెర మీదికొస్తాయి. మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డయితే కుటుంబానికి 35. మొత్తం ఒకేచోట తీసుకోవాలనేం లేదు. నలుగురున్న ఇంటికి 20 కిలోలైతే, ఇక్కడున్న ఇద్దరూ 10 తీసుకుని, మిగతా 10 ఊళ్లో అమ్మానాన్నలకు వదిలేయొచ్చు. గొడవ ఎక్కడొస్తుందంటే, నెల మొదట్లోనే ఊళ్లో 20 కిలోలూ ఎత్తేస్తే ఇక్కడి తెర మీద సున్నా కనిపిస్తుంది. డీలరు మోసం చేశాడని తగువు పడే ముందు ఇంటికి ఒక ఫోను చేయండి.

ఇంకొకటి. ఇక్కడ దొరికేది కేంద్రం ఇచ్చే వాటా మాత్రమే. అన్నభాగ్య అనే తన సొంత పథకంలో కర్ణాటక తన కార్డులకు అదనంగా ఇచ్చేదీ, మన రాష్ట్రం ఇచ్చే కందిపప్పు, పంచదారా రావు.

తర్వాత వేలిముద్ర. సిమెంటు, సున్నంలో నానిన చేతులకు వేలి గీతలు అరిగిపోతాయి, మిషన్ పట్టదు. పని మధ్యలో దుమ్ము చేతులతో వెళ్లకండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, బాగా తుడిచి వేయండి. బొటనవేలు పడకపోతే పది వేళ్లూ వరసగా చూడమనండి, ఏదో ఒకటి పడొచ్చు. అసలు ఒక్కటీ పడకపోతే ఇంట్లో ఇంకొకరిని పంపడమే మేలు. ఈ విధానంలో నాకు నచ్చని చోటు ఇదే. వేలిముద్ర పడలేదని రేషన్ ఆపొద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఊళ్లో అయితే డీలరుకు మనిషి తెలుసు, పుస్తకంలో రాసుకుని ఇస్తాడు. పరాయి ఊళ్లో ఆధార్ సరిపోలితేనే బియ్యం. ఎవరికోసం ఈ పథకం పెట్టారో, వాళ్ల చేతులే ముందు అరుగుతాయి.

ఓటీపీ మీద కూడా ఆశ పెట్టుకోలేం. సిమ్ నాలుగుసార్లు మారి ఉంటుంది, ఆధార్‌కు మాత్రం పాత నంబరే, ఒక్కోసారి మేస్త్రీ నంబరే. దాన్ని ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లి మార్చుకోవచ్చు. రుసుము 75 రూపాయలు, సగం రోజు కూలీ అదనం. అయినా మార్చుకోండి, అసంఘటిత కార్మికుల ఈశ్రమ్ నమోదుకూ, ఫోన్లో పత్రాలు దాచుకునే డిజీలాకర్‌కూ ఆ నంబరే దిక్కు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ‘స్టాక్ ఇల్ల’ (సరుకు లేదు) అనే మాట వినాల్సి రావచ్చు. అది ఎప్పుడూ సాకు కాదు. షాపుకొచ్చే సరుకు ప్రధానంగా దానికి కట్టిన కార్డుల లెక్క మీదే వస్తుంది. బయటి కార్డులవాళ్లు నెలాఖర్లో వెళితే గోనె సంచులు ఖాళీ. మనిషి ఎక్కడికి పోతే హక్కు అక్కడికి క్షణంలో పోతుంది, లారీ మాత్రం పోదు. వలసవాళ్లు ఎక్కువున్న వార్డుల షాపులకు ముందుగానే అదనపు సరుకు పంపాలి; ఏ షాపులో ఎన్ని బయటి కార్డులు నడిచాయో సర్వర్‌లో ఉండనే ఉంది. అప్పటిదాకా మనం చేయగలిగింది, పంపిణీ మొదలైన మొదటి రోజుల్లోనే వెళ్లడం. సరుకుండీ లేదంటే షాపు నంబరు, తేదీ రాసుకుని 14445కు ఫోన్ చేయండి.