ఈసారి ట్రాలీ తీసుకోలేదు

శనివారం. సరుకులకు బయల్దేరే ముందు వంటింటి షెల్ఫు మొత్తం దించి బల్ల మీద పెట్టాను. పది నిమిషాల్లో తేలిపోతుందనుకున్న పనికి ముప్పావుగంట పట్టింది. వెనక వరసలోంచి బయటికొచ్చే ఒక్కొక్క వస్తువూ ఎప్పుడు తెచ్చానో, ఎందుకు తెచ్చానో గుర్తు తెచ్చుకుంటూ నిలబడిపోయాను.

పంచదార ప్యాకెట్లు మూడు. మూడూ విప్పినవే, మూడింటి మూతికీ రబ్బరు బ్యాండ్లు. ఒకటి కనబడక రెండోది, అదీ కనబడక మూడోది తెచ్చి ఉంటాను. శనగలు రెండు డబ్బాల్లో ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఒక పిండి ప్యాకెట్. మూతి మడిచి క్లిప్పు కూడా పెట్టి ఉంది. బాగానే ఉందనుకుని కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తే, కవరు లోపల సన్నటి బూజులాంటి దారాలు. ఆ దారాలకు పిండి చిన్న చిన్న ఉండలుగా అంటుకుని వేలాడుతోంది. కాస్త కదిపితే లేత పసుపు రంగు పురుగొకటి మెలికలు తిరిగింది.

ఆ ప్యాకెట్ ఎలా వచ్చిందో నాకు బాగా గుర్తుంది. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు తెచ్చిన మూడోది అది. పక్కనున్న ప్యాకెట్ జల్లించి చూశాను, పురుగు కనబడలేదు. అయినా గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. మైనస్ 18 డిగ్రీల చలిలో వారం రోజులుంటే కంటికి కనబడని గుడ్లున్నా చచ్చిపోతాయి. పాడైన కిలో పిండీ చెత్తబుట్టలో వేస్తుంటే మనసు చివుక్కుమంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదికలో 2022 నాటి లెక్క ఉంది: ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయితే, అందులో 60 శాతం ఇళ్లలోంచే పోయింది. మనిషికి ఏడాదికి 79 కిలోలు. తొక్కలూ ఎముకలూ లాంటివి కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి, నిజమే. కానీ చేతిలో పురుగు పట్టిన ప్యాకెట్ పట్టుకున్నప్పుడు ఆ 79లో నా కిలో ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

చాలా ఏళ్లు పొదుపంటే ఎక్కడ తక్కువకు దొరికితే అక్కడ పట్టుకోవడం అనుకున్నాను. తక్కువకు వచ్చిందని తెచ్చి వాడకుండా పారేస్తే ఆ వస్తువు నాకు అన్నిటికంటే ఖరీదైనట్టే లెక్క. అందుకే ఇప్పుడు చీటీ రాసే పద్ధతి మార్చాను. కాగితానికి ఒకవైపు ఇంట్లో ఉన్నవి రాస్తాను. వాటితో ఈ వారం ఏమేం వండొచ్చో చూసుకుని, తక్కువ పడేవి మాత్రమే రెండోవైపు రాస్తాను. ఇవాళ రెండోవైపు తొమ్మిదే వచ్చాయి. మొదటివైపు కాగితం పట్టలేదు.

దుకాణం గుమ్మంలో అలవాటుగా పాప ట్రాలీ లాగబోయింది. వద్దమ్మా, బుట్ట తీసుకో అన్నాను. ఎందుకు నాన్నా అంటే ట్రాలీ కథ చెప్పాను. 1937లో అమెరికాలో, ఓక్లహోమా సిటీలో, సిల్వన్ గోల్డ్‌మన్ అనే సరుకుల దుకాణాల యజమాని ఉండేవాడు. బుట్ట నిండి చెయ్యి లాగడం మొదలవగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించాడు. మడత కుర్చీ చూసి ఆలోచన వచ్చి, దానికి చక్రాలు తగిలించి, పైనొకటి కిందొకటి బుట్టలు పెట్టించాడు. అంటే మనం మోస్తున్న బరువు మనకు తెలియకుండా ఉండటానికే ట్రాలీ పుట్టింది. నాకు ఆ బరువు తెలియాలి. తొమ్మిది వస్తువులకు బుట్ట చాలు. చాలకపోతే ఏదో ఒకటి ఎక్కువ తీసుకున్నానని చెయ్యే చెబుతుంది.

నూనె దగ్గర కాసేపు ఆగాం. పెద్ద డబ్బా మీద ఎర్రటి అక్షరాలతో ఆదా అని రాసి ఉంది. లీటరుకు ఎంత పడుతుందో చూడమని పాపకు ఫోన్ ఇచ్చాను. పెద్దదాని ధరను లీటర్లతో భాగించి, చిన్నదానిదీ భాగించి, మళ్లీ ఒకసారి చేసి చూసింది. లీటరు లెక్కన చిన్నదే తక్కువ. "మరి అలా ఎందుకు రాశారు?" అని అడిగింది. నాకూ తెలియదు. నేను చెప్పగలిగింది ఒక్కటే, రాసింది కాకుండా లెక్క చూసుకోమని. ఇంకో అరలో నేను ఎప్పుడూ కొనే ప్యాకెట్ కనబడింది. అదే రంగు, అదే బొమ్మ, ఇంచుమించు అదే ఎత్తు. బరువు మాత్రం కిలో నుంచి 900 గ్రాములకు దిగింది, ధర దిగలేదు. అది వదిలేసి, కంటికి ఎదురుగా ఉండే అర నుంచి వంగి కింది అర చూశాను. అక్కడ పేరు తెలియని కంపెనీది నిండు కిలో దొరికింది. వెనక తిప్పి చదివితే రెండింటిలోనూ ఉన్నది ఒకటే.

శుభ్రం చేసుకునే సామాను వరస వైపు అసలు వెళ్లలేదు. గచ్చుకొకటి, గాజుకొకటి, గట్టుకొకటి అంటూ నాలుగు సీసాలు కొనే రోజులు పోయాయి. ఒక్క సీసా చాలని తేలి ఏడాది దాటింది.

కాఫీ పొడి దగ్గర మాత్రం చౌకది ముట్టుకోలేదు. రోజూ పొద్దున ఆ ఒక్క కప్పు కోసమే లేస్తాను, అందులో తగ్గించుకుని మిగుల్చుకునేది నాకేమీ లేదు. కావలసినదాన్ని కూడా కోసుకుంటూ పోతే అది పొదుపు కాదు, మనసుకు పస్తు. మిగతా ఎనిమిదింటి దగ్గర అంత పట్టుగా ఉండేది ఇలాంటి ఒక్కదానికి చెయ్యి ఆగకుండా ఉండటానికే. పాప కూడా చీటీలో లేని ద్రాక్ష అడిగింది. ఒక గుత్తి తీసుకుని, రేపటిలోగా ఇద్దరం తినేద్దాం అనుకున్నాం. ఇంటికొచ్చేసరికే సగం అయిపోయింది.

బుట్ట చివర్లో బరువెక్కింది. పాప ఒక చెవి, నేను ఒక చెవి పట్టుకుని కౌంటరు దాకా మోశాం.

సర్దడానికి ఎక్కువసేపు పట్టలేదు. బంగాళదుంపలు ఒక బుట్టలో, ఉల్లిపాయలు ఇంకో మూల. రెండూ ఒకచోట ఉంటే తొందరగా పాడవుతాయంటారు. అరటిపండ్లు మిగతా పండ్లకు దూరంగా పెట్టాను, వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్కవాటిని కూడా మగ్గబెట్టేస్తుంది. కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి జరిపాను. రాత్రికి రెండు డబ్బాల్లో పాత డబ్బా శనగలు నానబోశాను.

ఆఖరికి ఆ మూడు పంచదార ప్యాకెట్లు మిగిలాయి. రబ్బరు బ్యాండ్లు తీసి మూడూ ఒకే గాజు సీసాలో పోశాను. పాప సీసా కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. మూడు ప్యాకెట్లదీ కలిసి సీసాలో సగానికి కొంచెం పైకి వచ్చి ఆగిపోయింది.