సిరామిక్ డిజైన్ ఎంట్రన్స్: రెండో అటెంప్ట్‌లో సీటొచ్చింది

నిన్న రిజల్ట్ వచ్చింది, ఎండెస్ (డిజైన్‌లో పీజీ) సీటొచ్చింది, రాత్రంతా నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. ఎంట్రన్స్ ప్యాటర్న్ మీకు తెలిసిందే, పాత పేపర్లు చేయండి, రోజూ బొమ్మలు వేయండి, అంతే.

అసలు సంగతి పోయినేడాది ఇంటర్వ్యూ. ఒక టీపాట్ ఫొటో చూపించారు. వెండిపూత, డైమండ్ ఆకారం, సరిగ్గా నడిమధ్యలో పెద్ద కన్నం, నల్లటి పిడి. ఏ కాలానిదని అడిగితే ఆలోచించకుండా బౌహౌస్ (జర్మనీలోని డిజైన్ స్కూలు), 1920లు అనేశాను. 1879 అట. క్రిస్టఫర్ డ్రెస్సర్ చేసిన డిజైన్. ఆ పేరే వినలేదు! విక్టోరియన్ అంటే, అదే ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలమంటే, పువ్వులూ లతలూ, వాటితో వాల్‌పేపర్లు గీసిన విలియం మోరిస్ అని బట్టీపట్టి వెళ్లినవాణ్ని కదా, ఆ తర్వాత ఏమడిగినా నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చి కసికొద్దీ ఆయన్నే పట్టుకున్నాను. 13 ఏళ్లకే లండన్‌లో ప్రభుత్వ డిజైన్ స్కూల్లో చేరాడు, తర్వాత వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాడు, 1876-77లో జపాన్ తిరిగొచ్చాడు. 1879లో ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రో దగ్గర లింతోర్ప్‌లో జాన్ హారిసన్ అనే ఆయన్ని ఒప్పించి, ఆయన ఇటుకల ఫ్యాక్టరీలోనే పాటరీ (మట్టి పాత్రల కార్ఖానా) పెట్టించాడు. ఇటుకలు చేసే మట్టితోనే పూలకుండీలు, జాడీలు! ఊళ్లో పనుల్లేనివాళ్లకి పని దొరుకుతుందని కూడా. ఆకారాలు డ్రెస్సర్‌వి, గ్లేజులు (పైన వేసే గాజులాంటి పూత) మేనేజర్ హెన్రీ టూత్ చూసేవాడు. ఒకే అచ్చులోంచి వచ్చినా కొలిమిలో గ్లేజు కరిగి ఒక్కో జాడీ మీద ఒక్కోలా కారుతుంది, ఏ రెండూ ఒకేలా ఉండవు. మెషిన్ వస్తే కళ పోతుందన్న నా రెడీమేడ్ జవాబు అక్కడితో సరి. జాడీ తిరగేస్తే అడుగున డ్రెస్సర్ సంతకం అచ్చుగుద్ది ఉంటుంది, దాంతోపాటే ఆకారం నంబరు. దాదాపు పదేళ్లకే మూతపడింది, అది వేరే సంగతి.

"ఒక్క పాటరీకి పదిహేను రోజులా?" అని రూమ్మేట్లు నవ్వారు. వంద పీడీఎఫ్‌లు దించుకుని ఒక్కటీ తెరవనివాళ్లు, పొద్దున ఎనిమిదింటికి కూడా లేవలేనివాళ్లు నాకు టైమ్ గురించి చెప్తారు. ముందు ఫోన్ పక్కన పెట్టండి. సరే, వదిలేద్దాం.

ఈసారి ఇంటర్వ్యూలో డ్రెస్సర్ ఊసే రాలేదు. బయట టీకొట్టు గ్లాసు ఎవరు డిజైన్ చేశారని అడిగారు. "తెలీదు మేడమ్, తిరగేస్తే అడుగున కంపెనీ పేరుంటుంది గానీ గీసినవాళ్ల పేరుండదు" అన్నాను. మేడమ్ నవ్వి, ముందున్న తన టీకప్పు ఎత్తి అడుగు చూశారు.