కండ అదిరిన రోజు

ముందు విరేచనాలు. అవి తగ్గిన పది రోజులకు అరికాళ్లలో తిమ్మిర్లు. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. మూడో రోజుకు మంచం మీంచి లేవలేకపోయాను. జీబీఎస్ అన్నారు, గులియన్ బారీ సిండ్రోమ్. క్రిముల మీదికి వెళ్లాల్సిన రక్షణ వ్యవస్థ పొరబడి మన నరాల మీదే పడుతుందట. వెన్నులోంచి నీరు తీశారు, ఐదు రోజులు ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందు నరంలోకి ఎక్కించారు. మా ఆవిడ గాజులు బ్యాంకుకెళ్లాయి.

మర్చిపోలేనిది మాత్రం రెండో రాత్రి. జబ్బు ఊపిరి కండల దాకా పాకుతోందేమోనని, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో నర్సు గంటగంటకూ చూసేది. సాయంత్రం ఇరవై నాలుగు. పదింటికి పదిహేడు. మా ఆవిడ వేళ్లు మడుస్తూ పక్కనే కూర్చుంది. ఒంటిగంటకు పదకొండు దగ్గర ఆగిపోయాను. పన్నెండు గొంతులోనే ఉండిపోయింది. ఆమె మడిచిన వేలు అలాగే పట్టుకుని నా మొహం చూస్తోంది. వెంటనే ఐసీయూకి మార్చారు. వెంటిలేటర్ పక్కకు తెచ్చి పెట్టారు గానీ పెట్టాల్సిన అవసరం రాలేదు. అమ్మ అది కోటయ్య స్వామి దయ అంటుంది. ఆ నర్సు నిద్రపోకపోవడం కూడా, అంటాను నేను.

వార్డుకొచ్చాక పెదనాన్న చూడ్డానికొచ్చాడు. "కాలెత్తరా" అన్నాడు. పళ్లు బిగబట్టి ఎత్తబోయాను. దుప్పటి కూడా కదల్లేదు. "నువ్వు గట్టిగా అనుకోవడం లేదురా, ప్రయత్నం కనిపించాలి కదా" అన్నాడు. రౌండ్స్‌కొచ్చిన చిన్న డాక్టరూ తలూపాడు. ఆ తలూపడాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి నా తొడ మీద రెండు వేళ్లు ఆనించి, "మోకాలు మంచానికి అదమండి సార్" అంది. నాకేమీ తెలియలేదు. "వచ్చింది సార్! కండ అదిరింది" అంది. కండ బలానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులుంటాయట. అదిరి, కాలు కదలకపోతే ఒకటి. కాలు తన బరువు తానే మోసుకుని పైకి లేవాలంటే మూడు రావాలి. పెదనాన్న అడిగింది మూడు, నా దగ్గరున్నది ఒకటి. ఆ ఒకటికే బనియన్ తడిసిపోయేది.

అయినా బుద్ధి రాలేదు. ఇంటికొచ్చాక చుట్టాలెవరైనా వస్తే చాలు, మూలుగుతూ, చెమటలు కారుస్తూ నలభైసార్లు చేసి చూపించేవాణ్ణి. మర్నాటికి నిలబడటమే గగనమయ్యేది. "ఎవరి కోసం సార్ ఇదంతా? పదిసార్లు చేయండి, ఆగండి" అని ఆ అమ్మాయి తిట్టింది. కోలుకుంటున్న నరాలు అలసిపోతే వెనక్కి లాగుతాయట. మీ ఇంట్లో ఎవరికైనా రెండు కాళ్లకూ తిమ్మిరి మొదలై పైకి పాకుతుంటే నాటుమందులంటూ కూర్చోకండి, ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

ఏడు నెలలైంది. మొన్న పెదనాన్న వచ్చాడు. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. గ్లాసందుకుని, "ఉక్కపోస్తోందిరా, ఫ్యాను పెంచు" అన్నాడు.