మోడలింగ్ ఆంప్ కోసం విండోస్ వేసుకోనక్కర్లేదు

మా పర్లాకిమిడిలో గిటార్ వాయించే కుర్రాళ్లకి కొదవ లేదు. ఆదివారం చర్చిలో వాయించేవాళ్లు కొందరు, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో బరంపురం, రాయగడ, టెక్కలి తిరిగేవాళ్లు కొందరు, పైన మోహన, ఆర్.ఉదయగిరి వైపు నుంచి చదువుకోడానికి వచ్చి హాస్టల్లో సాధన చేసుకునేవాళ్లు ఇంకొందరు. వీళ్లలో ఎవరు మోడలింగ్ ఆంప్ (రకరకాల ఆంప్‌ల ధ్వనిని లోపలి చిప్‌తో అనుకరించే గిటార్ ఆంప్లిఫయర్) కొన్నా నా దగ్గరికి ఒకే ప్రశ్నతో వస్తారు: "అన్నా, దీని సాఫ్ట్‌వేర్ విండోస్‌కీ మ్యాక్‌కీ మాత్రమే ఉందంట, నా లాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ ఉంది, ఇప్పుడెలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే తెలుగులో దీని గురించి వివరంగా రాసినది నాకెక్కడా కనబడలేదు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఆంప్ కొనేటప్పుడు "లైనక్స్‌కి సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారా" అని చూడొద్దు, ఎందుకంటే పెద్ద కంపెనీలు దాదాపు ఇవ్వవు. ఆ ఆంప్ కంప్యూటర్‌తో ఏ పద్ధతిలో మాట్లాడుతుందో చూడండి. మామూలు యూఎస్‌బీ ఆడియో, మామూలు మిడి (సంగీత పరికరాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) అయితే అది మీ చేతిలో ఉన్నట్టే. ఫోన్ యాప్ ఉంటే తప్ప కదలని ఆంప్ అయితే, నన్నడిగితే, ఎంత చవకగా వచ్చినా వద్దు.

అసలు ఎడిటర్ (ఆంప్ సెట్టింగ్‌లు కంప్యూటర్ నుంచి మార్చే సాఫ్ట్‌వేర్) ఎందుకు, నాబ్‌లు ఉన్నాయి కదా అని కొందరంటారు. మా ఊళ్లో ఎక్కువగా కనిపించే బాస్ కటానా 50 మార్క్ టూనే తీసుకోండి. ముందు ప్యానెల్ మీద గెయిన్, వాల్యూమ్, టోన్ నాబ్‌లు, బూస్టర్, మాడ్, ఎఫ్ఎక్స్, డిలే, రివర్బ్ అనే ఎఫెక్ట్‌లు ఉంటాయి, ఒక్కోదానికి ఆకుపచ్చ, ఎరుపు, పసుపు అని మూడు రకాలు దాచుకోవచ్చు. అయితే ఆ మూడు రంగుల్లో ఏ ఎఫెక్ట్ కూర్చోవాలో నిర్ణయించేది ఎడిటర్. అనవసరపు రొదని అణిచే నాయిస్ సప్రెసర్‌కైతే ప్యానెల్ మీద నాబే లేదు. పాత ఇళ్లలో వైరింగ్ ఎలా ఉంటుందో తెలిసిందే, చాలా సాకెట్లకి ఎర్త్ ఉండదు, బాగా డిస్టార్షన్ వచ్చే బ్రౌన్ ఛానెల్ పెట్టి గెయిన్ కాస్త పెంచగానే తేనెతుట్టె కదిలినట్టు హమ్ మొదలవుతుంది. మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు కావాల్సిన సెట్టింగ్ అదే, అది చూస్తే సాఫ్ట్‌వేర్‌లో ఉంది!

ఇక్కడే కటానా నాకు బాగా నచ్చుతుంది. దాన్ని ప్రింటర్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి టెర్మినల్లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ కొట్టండి, 0582 అన్న నంబరుతో ఒక లైను కనిపిస్తుంది, అది రోలాండ్ కంపెనీకి కేటాయించిన నంబరు. లైనక్స్ దాన్ని వెంటనే మిడి పోర్టుగా కూడా గుర్తుపడుతుంది, డ్రైవర్ వెతుక్కోవాల్సిన పని లేదు. కంపెనీ ఎడిటర్ ఆంప్‌కి పంపేవన్నీ మిడిలో సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలే. వాటిలో మొదట రోలాండ్ గుర్తు 41 వస్తుంది, తర్వాత మోడల్ నంబరు, కటానా అయితే 33, ఆ తర్వాత 12 వస్తే "ఈ విలువ పెట్టు" అని, 11 వస్తే "నీ దగ్గరున్న విలువ చెప్పు" అని. ఇవన్నీ హెక్సాడెసిమల్ (పదికి బదులు 16 ఆధారంగా లెక్కించే) అంకెలు. ఆపైన ఏ సెట్టింగో చెప్పే అడ్రసు, దాని విలువ, చివర్లో తప్పులు పట్టే బైటు. అడ్రసు, విలువల బైట్లన్నీ కూడి దానికి ఈ చివరి బైటు కలిపితే 128తో శేషం లేకుండా భాగం పోవాలి, పోకపోతే ఆ సందేశం చెల్లదు. లైనక్స్ సౌండ్ వ్యవస్థ అయిన ఆల్సాతో పాటు వచ్చే ఏమిడి (amidi) అనే చిన్న టూల్ టెర్మినల్లో నడిపి, ఆంప్‌ని ఎడిట్ మోడ్‌లోకి తెచ్చే సందేశం ముందుగా పంపి, గెయిన్ నాబ్ మెల్లగా తిప్పండి. ఒక్కో అంకె మారుతూ లైన్లు పరుగెడతాయి. మీ వేలు కదలికే అంకెలుగా కనబడుతుంది. ఇందులో రహస్యమేమీ లేదని అది చూసిన రోజు అర్థమవుతుంది.

ఇంత లోతుకి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకి కటానా ఎఫ్ఎక్స్ ఫ్లోర్‌బోర్డ్ అనే ఉచిత ఎడిటర్ ఉంది, దానికి లైనక్స్ వెర్షన్ కూడా ఉంది. చూడ్డానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, బటన్లు చిన్నవి, మొదట్లో కళ్లు తిరుగుతాయి. అయినా ఆంప్‌లో ఉన్న ప్రతి సెట్టింగూ అందులో దొరుకుతుంది. ముందు మిడి ఇన్, మిడి అవుట్ రెండింటికీ కటానా పోర్టే ఎంచుకోవాలి, ఒకటే ఎంచుకుంటే కనెక్ట్ అయినట్టే ఉండి ఏమీ మారదు. నెట్‌లో జనం పంచుకునే కటానా ప్యాచ్‌లు (దాచుకున్న సెట్టింగ్‌ల సెట్లు) టీఎస్ఎల్ ఫైళ్లుగా వస్తాయి, వాటి లోపల ఉండేది మామూలు టెక్స్టే, ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరిచి చూసుకోవచ్చు.

ఆడియో సంగతి. ఆంప్‌ని యూఎస్‌బీ సౌండ్ కార్డులా వాడి ఆర్డర్ (Ardour), ఆడాసిటీ లాంటి రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో రికార్డ్ చేసుకోవచ్చు. పాత కెర్నల్ (లైనక్స్ మూల భాగం) మీద కొందరికి పాట ప్లే చేస్తూ రికార్డ్ చేస్తే టపటపమని శబ్దాలు వచ్చేవి. ఇలాంటి ఆంప్‌లు తమ సొంత గడియారం మీద నడుస్తాయి కాబట్టి, ఆంప్ నుంచి వస్తున్న ఆడియో వేగాన్ని కొలిచి అదే వేగంతో కంప్యూటర్ తిరిగి పంపాలి. కెర్నల్‌తో వచ్చే ఆల్సా డ్రైవర్‌లో బాస్ కటానాకి ఇలా చేయమని ప్రత్యేకంగా ఒక లైన్ ఉంది. కాబట్టి శబ్దాలు వస్తుంటే సెట్టింగ్‌లు కెలికే ముందు కెర్నల్ కొత్తదేనా చూసుకోండి. ఇంకొకటి, లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి యూఎస్‌బీ తగిలిస్తే హమ్ పెరిగితే, ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది, కొత్త కేబుల్ కొనాల్సిన పని ఉండదు.

ఫెండర్ మస్టాంగ్ పాత మోడల్ వాళ్లకి వేరే కథ. ఆ ఆంప్‌లకి కంపెనీ ఇచ్చిన ఫ్యూజ్ అనే ఎడిటర్ మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ మీద ఆధారపడింది. సిల్వర్‌లైట్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2021 అక్టోబర్‌లో ఆగిపోయింది. మరి లైనక్స్‌లో? ప్లగ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మస్టాంగ్ మొదటి, రెండో తరం ఆంప్‌లతో ఇప్పటికీ హాయిగా మాట్లాడుతుంది. ఈ ఆంప్ మిడి వాడదు, నేరుగా యూఎస్‌బీలో 64 బైట్ల పొట్లాలు పంపుకుంటుంది, అందుకే మామూలు యూజర్‌కి ఆంప్ వాడే అనుమతి ఇచ్చే యూదేవ్ (udev) రూల్ ఒకటి వేయాలి, లేకపోతే ఆంప్ కనబడనే కనబడదు. రూల్ ఫైలు ప్లగ్‌తోనే వస్తుంది, కాపీ చేసి కేబుల్ తీసి మళ్లీ పెట్టడమే. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ దొరికితే నిశ్చింతగా తీసుకోండి. కంపెనీ వదిలేసిన వస్తువుని కోడ్ తెలిసిన కొందరు బతికించి పెట్టారు, వాళ్లకి నేను మనస్ఫూర్తిగా రుణపడి ఉన్నాను.

లైన్ 6 కంపెనీ పాత పాడ్‌ల (గిటార్ ఎఫెక్ట్ పరికరాల) డ్రైవర్ చాలాకాలం కెర్నల్‌లో ఇంకా పూర్తికాని డ్రైవర్లు ఉంచే స్టేజింగ్ విభాగంలో ఉండి 2015లో కెర్నల్ సౌండ్ విభాగంలోకే వచ్చేసింది. పాడ్ ఎక్స్‌టీ, పాడ్ హెచ్‌డీ 500 లాంటివి రికార్డింగ్‌కి బాగా ఉపయోగపడతాయి.

ఆంప్ కొనే స్థోమత ఇప్పుడే లేని తమ్ముళ్లు లాప్‌టాప్‌నే ఆంప్ చేసుకోవచ్చు. గిటారిక్స్ అనే ఆంప్ ప్రోగ్రామ్ పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఇంకో ప్రోగ్రామ్‌కి ప్రాసెసర్ కాస్త గట్టిది కావాలి గానీ ధ్వని నిజం ఆంప్‌కి చాలా దగ్గరగా ఉంటుంది. ఇక్కడ మాత్రం లేటెన్సీ (తీగ మీటాక శబ్దం వినబడేదాకా పట్టే ఆలస్యం) చూసుకోవాలి. 48000 శాంపిల్ రేటు మీద 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.7 మిల్లీ సెకన్లు, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి పడుతుంది, పైన సౌండ్ కార్డు సొంత ఆలస్యం కొంత. అంతవరకు చేతికి తేడా తెలీదు. 1024 పెడితే మాత్రం తీగ మీటాక శబ్దం కోసం ఎదురుచూడాలి. కటానా లాంటి ఆంప్ వాడేవాళ్లకి ఈ టెన్షన్ ఉండదు, ధ్వని ఆంప్‌లోనే తయారై ఆంప్‌లోంచే వస్తుంది, లాప్‌టాప్ సెట్టింగ్‌లు మార్చడానికి మాత్రమే. ప్రోగ్రామ్ రోజు లాప్‌టాప్ ఇంట్లో వదిలేసి ఆంప్ ఒక్కటే బస్సెక్కించండి, అదే 11 కిలోలు పైన ఉంటుంది.

లైనక్స్‌లో నాకు నిజంగా లోటుగా అనిపించేది ఫర్మ్‌వేర్ (ఆంప్ లోపల ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్. దానికి కంపెనీ ఇచ్చే ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్ మీదే నడుస్తుంది. మిడి సందేశాలతో ఇంత చక్కగా పని జరుగుతున్నప్పుడు అప్‌డేటర్ కూడా లైనక్స్‌కి ఇవ్వడానికి కంపెనీలకి ఏం అడ్డో నాకు అర్థం కాదు, కొనేవాళ్లం గట్టిగా అడగాలి. అప్పటిదాకా ఎవరి విండోస్ లాప్‌టాప్ అయినా ఓ గంట అడిగి తెచ్చుకోండి. కరెంటు పోయే వేళ కాకుండా చూసుకుని, ముందుగా ఫ్లోర్‌బోర్డ్‌లో మీ ప్యాచ్‌లన్నీ ఫైళ్లుగా సేవ్ చేసుకుని, ఆ తర్వాతే అప్‌డేట్ మొదలుపెట్టండి.