పై అరకీ కింది అరకీ మధ్య అర కోను

శనివారం, రాత్రి 8:30

మట్టిపాత్రలు కాల్చే గ్యాస్ కొలిమి, అంటే కిల్న్, బర్నర్లు ఆపి గంట దాటింది. షెడ్డు గుమ్మంలో నిలబడితే ఇంకా మొహానికి సెగ కొడుతోంది. ఈరోజు కాల్పులో పై అరలో కోన్ 9 (తగినంత వేడికి మెత్తబడి వంగే, అంకె వేసిన మట్టి మొన) పూర్తిగా పడుకుంది, కింది అరలో అదే కోను మొన గడియారంలో నాలుగు అంకె దగ్గర ఆగింది. తేడా అర కోను. మంట కిందనుంచి పైకి పోయే ఇంత చిన్న గ్యాస్ కిల్న్‌లో ఇది మంచి ఫలితం. ఇందులో ముప్పావు వంతు నిన్న సాయంత్రం పేర్చడంలోనే తేలిపోయింది. ఈరోజు వాల్వులు తిప్పి సరిచేసింది మిగతా పావే.

కుమ్మరి ఆవంలో పిడకలు, ఊక కుండల మధ్యలోనే ఉంటాయి, నిప్పు సామాను పక్కనే పుడుతుంది. గ్యాస్ కిల్న్‌లో మంట బయట పుట్టి లోపలికి రావాలి. దానికి దారి వదిలితేనే వస్తుంది. ఈ కిల్న్ లోపలి కొలత రెండడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు, రెండడుగులు ఎత్తు. అంటే ఎనిమిది ఘనపుటడుగులు. అర పలకలు 18 అంగుళాల చదరం, కాబట్టి నాలుగు వైపులా మూడేసి అంగుళాల సందు. ఒక పక్క నాలుగు, ఇంకో పక్క రెండు అయ్యేలా పలక జరిగిందంటే మంటంతా వెడల్పు సందులోంచి పొగగొట్టానికి పరుగెడుతుంది, ఇరుకు వైపు గిన్నెలు పచ్చిగా మిగులుతాయి. అందుకే నాలుగు మూలలా టేపు పెట్టి కొలిచాకే పోస్టులు (పలకల్ని మోసే పొట్టి స్తంభాలు) నిలబెట్టాలి.

పలకకి మూడు పోస్టులే. నాలుగు పెడితే ఒకటి ఎప్పుడూ గాల్లో ఉంటుంది, పలక ఊగుతుంది. పై పలక పోస్టులు కింది పలక పోస్టుల మీదే నిటారుగా రావాలి. రెండంగుళాలు పక్కకి పోయినా బరువు పలక మీద పడి, ఆ వేడిలో అది వంగుతుంది.

అడుగు పలకని నేల నుంచి నాలుగు అంగుళాలు లేపాం, నాలుగు బర్నర్ల మంట దాని కింద విప్పుకోవడానికి. దాని మీద ఏడంగుళాల పోస్టులు. అక్కడ పొడుగు జగ్గులు, కూజాలు, బాగా ఎడంగా. రెండో అరలో నాలుగంగుళాల ఎత్తున కప్పులు, ఒత్తుగా. పై అరలో గిన్నెలు, ఇంకా ఒత్తుగా, కిల్న్ పైకప్పుకీ గిన్నె అంచుకీ మధ్య రెండున్నర అంగుళాలు వదిలి. వేడి ఎక్కువ చేరే చోట మట్టి బరువు ఎక్కువ పెట్టాలి, అది వేడిని తాగుతుంది. చల్లగా ఉండే చోట పలచగా పేరిస్తే మంట లోపలికి దూరుతుంది. ఎంత ఒత్తుగా పేర్చినా గ్లేజు (కరిగి గాజులా మెరిసే పూత) వేసిన రెండు పాత్రల మధ్య చిటికెన వేలు పట్టాల్సిందే. గ్లేజు కరిగేటప్పుడు ఉబ్బి బుడగలొస్తుంది, తగిలితే రెండూ ఒకటైపోతాయి. పాత్రల అడుగు నుంచి మూడు మిల్లీమీటర్ల మేర గ్లేజు తుడిచేశాం, కారే రకం గ్లేజుకి ఐదు. పలకల మీద చైనా క్లే, అల్యూమినా హైడ్రేట్ చెరి సగం కలిపిన కిల్న్ వాష్ రెండు పూతలు, కారిన గ్లేజు అంటుకోకుండా.

కోన్ ప్యాకులు (కోన్లని వరసగా గుచ్చిన మట్టి ముద్దలు) రెండు, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కోదాంట్లో 010, 8, 9, 10, ఆ వరసలోనే ముందు 010, చివర 10 వంగుతాయి. కోన్లు వేడిని మాత్రమే కాదు, ఆ వేడిలో గడిచిన సమయాన్ని కూడా కొలుస్తాయి. జర్మనీలో హెర్మన్ సెగర్ 1886లో వీటిని తయారుచేసింది అందుకే. ఉష్ణోగ్రత మీటరు అంకె ఒక్కదాన్నీ నమ్ముకుంటే గ్లేజు మోసపోతుంది. ప్యాకు మట్టిలో గ్రాగ్ (కాల్చిన మట్టి పొడి) కలిపి, పుల్లతో పొడిచి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టాలి. తడి మిగిలితే లోపల పేలి ముక్కలు గిన్నెల్లో పడతాయి. తలుపు మూసేముందు ప్యాకుల వెనక టార్చి పెట్టి, తలుపు దగ్గరగా వేసి కన్నంలోంచి చూశాం. కింది ప్యాకు ముందుకి ఒక జగ్గు చెవి అడ్డొచ్చింది. తీసి తిప్పాం. ఈ ఒక్క పని మానేస్తే మర్నాడు చివరి ఆరు గంటలు గుడ్డిగా కాల్చడమే.

పొద్దున 6 గంటలకి రెండు బర్నర్లు, సన్నమంట. అప్పటికే బిస్క్ అయిన (గ్లేజు వేయకముందు ఒకసారి కాల్చిన) సామానే అయినా గ్లేజులో తాగిన నీళ్లుంటాయి, మొదటి గంటన్నర 100 డిగ్రీలు దాటనివ్వలేదు. ఆ తర్వాత గంటకి 150 చొప్పున. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఖనిజం రూపు మార్చుకుని ఒక్కసారిగా పెరుగుతుంది, అక్కడ మందపాటి పళ్లేలుంటే గంటకి 80కి దిగాలి. ఈరోజు పళ్లేలు లేవు.

10:30కి గ్యాస్ ఒత్తిడి చూపే గేజీ తగ్గడం మొదలైంది. వాల్వు ఎవరూ ముట్టుకోలేదు. సిలిండరు మీద చెయ్యి పెడితే వేళ్లు అంటుకునేంత చలి, కింది సగానికి తెల్లటి మంచు పొర. లోపల ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన వేడిని తానే లాగేసుకుంటుంది, ఒక్క సిలిండరు అంత వేగంగా ఆవిరినివ్వలేదు. అందుకే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు మూడింటిని ఒకే గొట్టానికి కలిపి పెట్టుకుంటాం. మొదట ఒక్కటే తెరవడం ఈరోజు పొరపాటు. మూడూ తెరిచాక పది నిమిషాల్లో ఒత్తిడి నిలబడింది. మంచు కరిగించడానికి మామూలు నీళ్ల తొట్టి చాలు, మంట దగ్గరికి తీసుకెళ్లే మాటే లేదు. సిలిండరు పడుకోబెట్టకూడదు, ద్రవం గొట్టంలోకి వస్తుంది. ఎల్పీజీ గాలి కన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది కనుక షెడ్డు కింది జాలీలు ఎప్పుడూ తెరిచే ఉండాలి. కీళ్లకి సబ్బు నురగ పూసి చూశాకే అగ్గిపుల్ల.

మధ్యాహ్నం 1కి రెండు ప్యాకుల్లోనూ 010 వంగింది, దాదాపు 900 డిగ్రీలు. పొగగొట్టం దారిని మూసే డ్యాంపర్ పలకని అంగుళం లోపలికి నెట్టి రిడక్షన్, అంటే గాలి చాలని మంట, మొదలుపెట్టాం. పై కన్నంలోంచి మెత్తటి నారింజ మంట రెండంగుళాలు నాలుక చాపితే చాలు. నల్లపొగ వస్తే గ్యాస్ వృథా, ఉష్ణోగ్రత ఎక్కడం ఆగుతుంది. ఇంకా ముందే, మట్టిలో మసి కాలిపోకముందే రిడక్షన్ పెడితే ఆ మసి లోపల చిక్కుకుని చివర్లో పాత్ర బొబ్బలెక్కుతుంది. ముప్పావు గంట తర్వాత డ్యాంపర్ అరంగుళం వెనక్కి లాగి, పలచటి రిడక్షన్‌లో గంటకి 60 డిగ్రీల చొప్పున నడిపాం. ఆ సమయమంతా షెడ్డు తలుపులు బార్లా, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లో. ఆ వాయువుకి వాసనుండదు.

5:50కి పైన 8 వంగిపోయింది, కింద అది కదల్లేదు. ఇక్కడ చెయ్యి తొందరపడి గ్యాస్ పెంచుతుంది. పెంచితే మంట పొడుగై కింద ఆగకుండా పైకే పోయి మండుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. గ్యాస్ గేజీ మీద 0.40 నుంచి 0.34కి తగ్గించి, దానికి తగ్గట్టు డ్యాంపర్ అరంగుళం లోపలికి నెట్టి, ఇరవై ఐదు నిమిషాలు దేన్నీ ముట్టుకోలేదు. పొట్టి మంట, తక్కువ లాగుడు, వేడి కిందే నిలిచింది. వెల్డింగు కళ్లద్దాల్లోంచి చూస్తే కాషాయపు వెలుగులో కింది 8 మొన తలవంచింది. అర్ధగంటకి పూర్తిగా ఒరిగింది. ఒకేసారి రెండు మార్పులకి మించి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు.

7:15కి పైన 9 పడుకుంది, 10 కాస్త ఒంగింది. పది నిమిషాలు డ్యాంపర్ తెరిచి శుభ్రమైన మంట. సిలిండర్ల వాల్వులు ముందు మూసి, గొట్టంలో మిగిలిన గ్యాస్ మండిపోయాక బర్నర్లు. డ్యాంపర్ పూర్తిగా లోపలికి, బర్నర్ కన్నాలకి ఇటుక ముక్కలు. ఫైబర్ గోడ వేడిని నిలబెట్టుకోదు, చల్లగాలి ఒక్క సందులోంచి దూరినా 573 దగ్గర పగుళ్లు వస్తాయి.

వచ్చే లోడుకి: కింది అరలో ముందు వరసలో ఒక జగ్గు తగ్గించాలి. 8 వెనకబడింది సరిగ్గా ఆ మూలే. మీటరు వందకి దిగేదాకా తలుపు గొళ్లెం తీయం.